రెండోసారి కొలత

చిట్టమ్మ చేపల తట్టని అరుగు వారన దించి, కూతుర్ని రెక్క పట్టుకుని లాక్కొచ్చి కుట్టుకొట్టు మెట్టు మీద నిలబెట్టింది. రెండో చేతిలో గులాబీరంగు గౌను ఉంది. దాని జాలర్ల నిండా తడి ఇసక.

"సూడండి బాబుగోరూ, ఈ గుంట సేసిన పని. మీరంత ముద్దుగా కుట్టి ఊరికే ఇచ్చిన గౌను. ఒడ్డుకాడ గొయ్యి తీసి పాతీసింది. కుక్కలు లాగితే మా వదిన సూసి తెచ్చింది."

కొట్లో మిషను ఆగింది. ఆనందకుమార్ కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి చూశాడు. పక్కనే చాప మీద అతని అక్క దీవెనమ్మ ఎవరిదో చొక్కాకి కాజాలు కుడుతోంది. డిసెంబరు వచ్చేసింది. పాత చర్చి వెనక ఆ సందులో అందరికీ క్రిస్మస్‌కి కొత్తబట్టలు కావాలి, అందరికీ ఆనందకుమారే కావాలి. వన్ టౌన్లో ఇంకో దర్జీ లేక కాదు. పిల్లల బట్టలు ఇతను కుట్టినట్టు ఎవరూ కుట్టరని పేరు. పిల్లలతో అంత ఓపిక ఎవరికీ లేదని ఇంకో పేరు.

"ఎందుకు పాతీసినావే? నోరు నేదా?" అంటూ చిట్టమ్మ కూతురి చెంప మీద ఒక్కటి వేసింది.

"నాకా గౌనొద్దు," అంది నూకాలు. తొమ్మిదేళ్ళ పిల్ల. గొంతు పెద్దగా రాలేదు.

"కొట్టకు సిట్టమ్మా," అన్నాడు ఆనందకుమార్. అతని గొంతు ఎప్పుడూ మెత్తనే. "సిన్నపిల్ల, దానికేటి తెలుసు? ఉతికితే ఇసక పోతాది. సంకల కింద బిగుతైపోయిందేమో, అందుకే ఇష్టం లేదు. మళ్ళీ కొలతలు తీసి సరిసేస్తాను. లోపలికి రా నూకాలూ."

దీవెనమ్మ సూది గుడ్డలోనే ఆగిపోయింది.

తన తమ్ముడు ఎవరినీ రెండోసారి కొలవడు. అది అతని గొప్ప. ఒక్కసారి టేపు వేస్తే ఆ ఒళ్ళు వేళ్ళకి గుర్తుండిపోతుందంటాడు. సీతమ్మధార డాక్టరుగారి పిల్లలు ఏడాదికోసారి వస్తారు. వాళ్ళని గుమ్మంలో నిలబెట్టి ఒక చూపు చూసి, నిరుటి కొలతకి ఎంత కలపాలో చెప్పేస్తాడు. ఆ మాట పదిమందికీ చెప్పి మురిసిపోయేది దీవెనమ్మే. మరి ఈ పిల్లని వానాకాలం నుంచి కొలతలకని ఎన్నిసార్లు తెర వెనక్కి పిలిచాడు? అప్పుడు తనెక్కడుంది?

ఆవిడ పిల్ల వంక చూసింది. దెబ్బ తిన్న పిల్ల ఎవరైనా కొట్టిన చేతి వంక చూస్తుంది. నూకాలు తెర వంక చూస్తోంది. కొట్టు వెనక ఇస్త్రీబల్ల గదికి కట్టిన పూలగుడ్డ తెర అది.

"నాను తీస్తాను కొలత," అంది దీవెనమ్మ లేచి. "ఇక్కడే, అరుగు మీద."

ఆనందకుమార్ నవ్వాడు. "నీకేటి తెలుసక్కా కొలతలు?"

ఆవిడ అతని మెడలోంచి టేపు తీసుకుంది. పిల్ల చేతులు పక్కలకి అదిమిపెట్టుకుని నిలబడింది. టేపు నడుం దగ్గరికి వచ్చేసరికి కళ్ళు గట్టిగా మూసుకుని, పెదాలతో ఎక్కం చదవడం మొదలెట్టింది. రెండో ఎక్కం. చప్పుడు లేదు, పెదాలే కదులుతున్నాయి.

దీవెనమ్మ టేపు వెనక్కి తీసేసుకుంది. "ఒద్దులే అమ్మా. కొలతా ఒద్దు, ఏటీ ఒద్దు."

నూకాలు కళ్ళు తెరిచి ఆవిడని చూసింది. చిట్టమ్మకి ఇదంతా విసుగ్గా ఉంది, ఎండెక్కితే చేప పాడవుతుంది. కూతురి చేత బాబుగారికి దండం పెట్టించి, "తండ్రి నేని గుంట. మీరు సూసినట్టు సొంత మేనమామ కూడా సూడడు. సాయంత్రం దాకా ఇక్కడ కూకోబెట్టుకోండి," అంది.

"ఇయ్యాల నాకు పనుంది. నీతో తీసుకుపో," అంది దీవెనమ్మ.

చిట్టమ్మ ముఖం చిన్నబోయింది. తట్ట నెత్తినెత్తుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని సందు చివరికి వెళ్ళిపోయింది. గౌను అరుగు మీదే ఉండిపోయింది.

ఆనందకుమార్ మిషను తొక్కుతూ, "తెల్లదారం అయిపోయినట్టుంది, తెచ్చిపెట్టక్కా," అన్నాడు. అలవాటుగా అన్న మాటే. దీవెనమ్మ అలవాటుగా లేవలేదు. వంగి మిషను సొరుగు లాగింది. సొరుగు నిండా తెల్లదారం రీళ్ళు, కాగితమైనా విప్పనివి. మూడు క్రిస్మస్‌లకి సరిపోతాయి. వాటిలో ప్రతి ఒక్కటీ తను మార్కెట్టుకి నడిచి వెళ్ళి తెచ్చిందే.

ఆవిడ సొరుగు మూసి మళ్ళీ చాప మీద కూర్చుంది. ఆ పూట కుట్టిన కాజాలన్నీ వంకరపోయాయి.

సాయంత్రం తమ్ముడికి అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుంది. అతనికి ఇష్టమని వంజరం ముక్కలు వేపింది. పొద్దున్న కొన్న చేప, పాడుచెయ్యడం ఎందుకని వేపింది గాని మనసుండి కాదు.

"సొరుగు నిండా దారం ఉంది. మరి నన్నెందుకు పంపేవోడివి?"

అతను అన్నం కలుపుతూ ఆగాడు. "ఏటి మాట్లాడతన్నావు?"

"నీకు తెలుసు."

"సేపలమ్మే దాని కూతురు ఏదో కూస్తే..."

"ఆ పిల్ల ఏటీ కూయలేదు. నాను అడుగుతన్నాను."

అతను కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. "నాను బలవంతం సెయ్యలేదక్కా."

అంతవరకూ దీవెనమ్మకి లోపల ఎక్కడో ఆశ ఉంది. ‘నన్నే అనుమానిస్తన్నావా’ అని తమ్ముడు తెల్లబోతాడని, తన పాడుబుద్ధికి తనే లెంపలేసుకోవచ్చని. ఆ ఒక్క మాటతో ఆశ పోయింది.

ఆ తర్వాత అతను ఆగలేదు. పెద్దవాళ్ళ ముందు తనకి నోరు పెగలదన్నాడు. పెళ్ళాం వదిలేసి పోయిందీ అందుకే అన్నాడు. "పిల్లలకాడ నాను ఒక మనిషిని. ఆళ్ళు నన్ను సూసి నవ్వుతారు, ఎక్కిరించరు. మొదట్లో నాకే ఉద్దేశమూ నేదు. ఉత్తినే బిస్కట్లు ఇచ్చేవోడిని. బొమ్మకి గుడ్డముక్కలు ఇచ్చేవోడిని." తర్వాత తన మీద తనకే రోత పుడుతుందన్నాడు. ఒట్టు పెట్టుకుంటాడట. కొన్నాళ్ళు పోతే ఆ ఒట్టు పెట్టుకున్నవాడెవడో తనెవడో.

వింటూంటే దీవెనమ్మకి అతను గౌను కుట్టే తీరు గుర్తొచ్చింది. ముందు వదులుగా కచ్చాకుట్టు వేస్తాడు, ఎప్పుడు కావాలంటే అప్పుడు లాగెయ్యొచ్చు. అంతా కుదిరిందనిపించాకే మిషను మీద పెడతాడు. ముందు చిట్టమ్మకి జాకెట్టు ఊరికే కుట్టిచ్చాడు. తర్వాత, పిల్లని ఎండలో తిప్పడం ఎందుకు, ఇక్కడ వదిలి వెళ్ళమన్నాడు. ఆ తర్వాత గౌను. ఏ కుట్టుకా కుట్టు మంచిపనిలాగే ఉంది. ఉద్దేశం లేదంటాడు గాని, చెయ్యికి తెలియకుండా అంత వరసగా కుట్టు పడదు.

"నాకు ఎవరు సేసినారో నువ్వు ఎప్పుడైనా అడిగినావా?" అన్నాడు హఠాత్తుగా.

ఆవిడ తలెత్తింది.

"బోర్డింగులో. వార్డెను. పెట్రోమాక్స్ లైటు తుడవాలని పిలిచేవోడు. వరసలో నా పేరే పిలిచేవోడు. నాకు అమ్మ నేదని ఆడికి తెలుసు." అతను గోడకి ఆనుకుని చిన్నపిల్లాడిలా మోకాళ్ళు కౌగిలించుకున్నాడు. "రైలుపట్టాల ఎంట నడిచి ఇంటికొచ్చీసినాను. గేపకం ఉందా?"

జ్ఞాపకం లేకపోవడమేమిటి? అరికాళ్ళు బొబ్బలెక్కి గుమ్మంలో నిలబడ్డాడు. ‘ఆ లైటు వాసన నాకు పడదక్కా’ అన్నాడు, ఆ ఒక్కమాటే. తను పెళ్ళి కూడా వద్దనుకుని తమ్ముడి చదువు మీదే బతుకుతున్న రోజులవి. కిరసనాయిలు వాసనకి బడి మానేస్తావా అని వీపు మీద రెండు బాది, తెల్లారి బండికే తీసుకెళ్ళి ఆ వార్డెను చేతిలోనే పెట్టి వచ్చింది. దండం పెట్టించి మరీ వచ్చింది.

దీవెనమ్మ కంచాలు దాటి వెళ్ళి తమ్ముడి తల ఒళ్ళోకి తీసుకుంది. ఇద్దరూ ఏడ్చారు. అతను ఏడ్చి ఏడ్చి అలాగే నిద్రపోయాడు. ఆవిడ కూర్చునే ఉంది. ఒళ్ళో ఆ తల ఇప్పుడు నెరిసిన తల, బరువుగా ఉంది. అంతసేపు మాట్లాడాడు, అంత ఏడ్చాడు. నూకాలు పేరు ఒక్కసారి కూడా అతని నోటివెంట రాలేదు. అది తోచాక ఆవిడ ఆ తలని మెల్లగా చాప మీదికి దించింది.

మర్నాడు ఆనందకుమార్ పొద్దున్నే తలస్నానం చేసి చర్చి పాస్టరు దేవదానం అయ్యగారి ఇంటికి వెళ్ళాడు. మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. ముఖం కడిగినట్టుగా ఉంది.

"అయ్యగారికి అంతా సెప్పీసినాను. ఆయనా ఏడ్సినారు. ఆదివారం ప్రభువు బల్లకి ముందు సంఘంలో ఒప్పుకోమన్నారు. దువ్వాడలో కొత్త సంఘం పెట్టినారు కదా, ఉక్కు ఫ్యాక్టరీ పనులకొచ్చినోళ్ళు. అక్కడ పిల్లలకి కుట్టుపని నేర్పడానికి మనిషి కావాలట. సోటు మారితే మనసు మారతాదన్నారు."

అతను మిషను దగ్గర కూర్చుని, కూనిరాగం తీస్తూ ఆకుపచ్చ గుడ్డ పరిచాడు. సుద్దతో గీతలు గీశాడు. చిన్న గౌను.

"ఎవరిది?"

"గవర్రాజు కూతురిది. అయ్యగారి ఎదురింటోళ్ళు. ఆళ్ళమ్మకి జబ్బు, పాపం ఆ పిల్లని సూసుకునే దిక్కు నేదు. డబ్బులొద్దన్నాను."

కత్తెర గుడ్డలోకి కరకరా వెళ్ళింది. నిన్నటి ఏడుపు అబద్ధం కాదు, ఈ కూనిరాగమూ అబద్ధం కాదు. బరువంతా అక్క ఒళ్ళో, అయ్యగారి కాళ్ళ దగ్గర దింపేసి వచ్చిన మనిషి అతను. చేతులు ఖాళీ అయ్యాయి, కొత్త గుడ్డ ఎత్తుకున్నాడు.

దీవెనమ్మ పైట సర్దుకుని బయల్దేరింది.

దేవదానం అయ్యగారు వరండాలో కూర్చుని క్రిస్మస్ నక్షత్రానికి వెదురుబద్దల మీద ఎర్రకాగితం అంటిస్తున్నారు. అరవై ఏళ్ళ మనిషి, ఆ పని ఏటా ఆయనే చేస్తారు. దీవెనమ్మని చూసి పీట జరిపారు.

"ధైర్యంగా ఉండమ్మా. నేను ఎంతోమంది ఒప్పుకోలు విన్నాను. అంత నిజమైన ఏడుపు వినలేదు."

"నిజమైన ఏడుపే అయ్యగారూ."

"ఆదివారం నిలబడి ‘తప్పిపోయాను, క్షమించండి’ అంటాడు. ఏ తప్పని ఎవరూ అడగరు, అది మన పద్ధతి. పెద్దలు మళ్ళీ కలుపుకున్నట్టు కుడిచెయ్యి ఇస్తారు. బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటాడు. అక్కడితో దేవుడి దగ్గర తీరిపోయింది."

ఆ పద్ధతి దీవెనమ్మకి తెలియనిది కాదు. తాగుబోతులు, అప్పులు ఎగ్గొట్టినవాళ్ళు, పక్కింటితో మాటలు మానేసినవాళ్ళు అలా నిలబడగా చూసింది. తనూ ఆమెన్ అంది. మన సంఘాల్లో కన్నీళ్ళకి ఉన్న పరపతి మరి దేనికీ లేదు. ఆదివారం కన్నీళ్ళు పెట్టుకున్న మనిషికి సోమవారం ఇంటి తాళాలు కూడా ఇచ్చేస్తారు, పిల్లల్ని అప్పగించడం ఒక లెక్కా?

"మరి ఆ పిల్లకి ఎవరు సెప్తారు అయ్యగారూ?"

"ఏ పిల్ల?" అన్నారు ఆయన. అనేసి, తడబడి, "ఆఁ... వాళ్ళు మన సంఘం వాళ్ళు కారు కదమ్మా. గొడవ చేస్తే ఆ పిల్ల పేరే వీధిన పడుతుంది," అన్నారు.

దీవెనమ్మ కాసేపు ఆయన చేతుల వంక చూసింది. కాగితం మడత విప్పి, జిగురు రాసి, బద్ద మీద అదుముతున్నారు.

"మా తమ్ముడు ఇదొక్కటి మీకు సెప్పాడో నేదో. సిన్నప్పుడు బోర్డింగులో ఆడికీ జరిగిందట. లైటు తుడవడానికని వార్డెను..."

"వరండా చివరి గది," అన్నారు దేవదానంగారు.

ఆవిడ వరండా అనలేదు, గది అనలేదు.

ఆయన వేళ్ళ మీద జిగురు ఆరిపోతోంది. ఎదురింటి గుమ్మంలో గవర్రాజు కూతురు ఒంటరిగా గచ్చకాయలు ఆడుకుంటోంది.

"ఆనంద్ కన్నా చాలా ముందు," అన్నారు ఆయన. "మా ఆవిడకి కూడా తెలియదు. క్రిస్మస్‌కి ఊరేగింపులో పెట్రోమాక్స్ లైట్లు వెలిగిస్తే నేను ఎందుకు వెనకబడి నడుస్తానో ఎవరికీ తెలియదు. ఈ వయసులో పొద్దున్న అతను చెబుతూంటే... నేను అతని కోసం ఏడవలేదమ్మా. నా కోసం ఏడ్చాను."

దీవెనమ్మకి ఆయన పట్ల జాలి ముంచుకొచ్చింది. తమ్ముడి మీద వచ్చిన జాలే ఇదీ. కాని దాని వెనకే ఇంకో మాట వచ్చింది, రాత్రంతా ఎంత వెతికినా దొరకని మాట.

"మీరు ఏ పిల్లనీ లైటు తుడవడానికి పిలవలేదు కదా అయ్యగారూ?"

"లేదు," అన్నారు ఆయన. నిర్ఘాంతపోయి, "లేదమ్మా, లేదు," అన్నారు మళ్ళీ.

"ఆడికి జరిగిందానికి నాను బతికున్నంతకాలం ఏడుస్తాను. ఏడవాల్సిందాన్నే. ఆడిని తిరిగి అప్పగించింది నానే. కాని నన్ను దారానికి పంపింది ఆ వార్డెను కాదు. ఆడు ముందు ఆలోసించుకునే పంపినాడు. ఇప్పుడు మీ ఎదురింటి పిల్లకి గౌను కత్తిరిస్తన్నాడు."

దేవదానంగారు తల తిప్పి ఎదురింటి గుమ్మం వంక చూశారు. సగం అంటించిన నక్షత్రాన్ని గోడకి ఆనించి, చెప్పుల కోసం కాళ్ళతో వెతుక్కున్నారు.

"గవర్రాజుతో ఇప్పుడే మాట్లాడతాను. దువ్వాడ వాళ్ళకీ చెబుతాను, ఎందుకో కూడా చెబుతాను." మెట్టు దిగుతూ ఆగారు. "అటువైపు... ఆ చేపలావిడ దగ్గరికి నేను రాలేనేమోనమ్మా."

"మీరు రావక్కర్లేదు," అంది దీవెనమ్మ.

ముందు కొట్టుకి వెళ్ళింది. తమ్ముడికి తెలియకుండా వెళ్ళడం ఆవిడకి ఇష్టం లేకపోయింది. అతను ఆకుపచ్చ గౌనుకి జాలరు మడతలు పెడుతున్నాడు.

"సిట్టమ్మకాడికి ఎల్తన్నాను."

అతనికి అర్థం కావడానికి క్షణం పట్టింది. సూదులు పళ్ళ మధ్య నుంచి తీశాడు. "నన్ను సంపీస్తారక్కా ఆళ్ళు."

"నాను ఎదర నిలబడతాను, సంపనివ్వను. నిజం కాదని మాత్రం అనను."

"అయ్యగారు క్షమించినారు."

"అది ఆయనది కాదు, ఇవ్వడానికి."

అతను పోట్లాడలేదు. గౌను మీద చెయ్యి వేసి కూర్చుండిపోయాడు. "నువ్వు కూడా వదిలేస్తే నాకెవరున్నారు?" అన్నాడు.

ఆ గొంతు దీవెనమ్మ ఎరుగున్న గొంతే. ఆ గొంతు కోసమే పెళ్ళి మానుకుంది, ఆ గొంతు పిలిస్తే ఎన్ని మైళ్ళయినా నడిచి దారం తెచ్చేది. "ఎవరూ నేరు," అంది. "నాకూ ఎవరూ నేరు." అరుగు మీద ఇంకా పడి ఉన్న గులాబీరంగు గౌను తీసుకుని సందులోకి దిగింది. ఆ ముక్క కూడా అక్కడ ఉండటం ఆవిడకి సహించలేదు.

జాలరిపేటలో మధ్యాహ్నపు ఎండ. చిట్టమ్మ గుడిసె ముందు ఇసకలో కవ్వళ్ళు ఎండేస్తోంది. ఒక్కొక్క చేపనే తిరగేసి వరసగా పరుస్తోంది. పక్కింటి ఆడవాళ్ళు వలలు బాగుచేస్తూ, ఇస్త్రీచీర కట్టుకున్న టౌను మనిషి ఇటొచ్చిందేమిటని చూశారు. నూకాలు గుడిసె నీడలో కాకుల్ని తోలడానికి కర్ర పట్టుకుని కూర్చుంది. గౌను చూడగానే కర్ర వదిలేసి లోపలికి జరిగింది.

"అయ్యో, మీరెందుకు తెచ్చినారమ్మగోరూ?" అంటూ చిట్టమ్మ లేచింది.

"ఇది ఇవ్వడానికి రానేదు. కూకో సిట్టమ్మా." దీవెనమ్మ కూడా ఇసకలోనే కూర్చుంది. గొంతు తగ్గించి చెప్పింది. దారి పొడుగునా కూర్చుకున్న మాటలేవీ రాలేదు. తెర గురించి చెప్పింది, దారం గురించి చెప్పింది, తమ్ముడు తన నోటితో ఒప్పుకున్నాడని చెప్పింది. బోర్డింగు సంగతి చెప్పలేదు. అది ఇక్కడ చెప్పే మాట కాదు.

చిట్టమ్మ వింటూ ఇంకో రెండు చేపలు తిరగేసింది. మూడోది చేతిలోనే ఉండిపోయింది.

"మీ తమ్ముడు," అంది.

"అవును."

"మీరు ఇన్నాళ్ళూ ఆ కొట్లోనే ఉన్నారు."

"ఉన్నాను."

దీవెనమ్మ దెబ్బ పడుతుందనుకుంది, పడితే బాగుండుననుకుంది కూడా. చిట్టమ్మ చెయ్యి ఎత్తలేదు. కళ్ళల్లోకి సూటిగా చూసింది.

"మా పెద్దోళ్ళ కాడ ఇదే మాట సెప్తారా? తర్వాత పోలీసోళ్ళు పిలిస్తే అక్కడా సెప్తారా? నా గుంట సెప్తే ఎవుడూ నమ్మడు. మీరు సెప్తే నమ్ముతారు."

"సెప్తాను."

"రేపు రగతం పొంగి మాట మారుస్తే?"

"మార్చను."

చిట్టమ్మ గౌను అందుకుని, ఒళ్ళో పెట్టుకుని, దాని జాలరు మీద ఇంకా అంటుకుని ఉన్న ఇసకని వేళ్ళతో తడిమింది. ఆ వేళ్ళకి నిన్న కొట్టిన దెబ్బ జ్ఞాపకం వచ్చినట్టుంది. ఉన్నట్టుండి ఆ గౌనుని దూరంగా, పొయ్యి వైపు విసిరేసింది.

"నూకాలూ," అని పిలిచింది. "రా అమ్మా. ఇలాగ రా. ఎవరూ ఏటీ సెయ్యరు."

పిల్ల గుమ్మంలోకి వచ్చింది, కాని తల్లి దగ్గరికి రాలేదు. మధ్యలో చేపలు ఎండేసిన ఇసక ఉంది. దాని అవతలే నిలబడి, ఒకసారి దీవెనమ్మ వంక, ఒకసారి తల్లి ముఖం వంక చూసింది. తల్లి ఏడుస్తోందని అప్పుడు గమనించింది.

"నాను సెప్పినాను కదే అమ్మా," అంది. కోపంగా అనలేదు, నచ్చజెబుతున్నట్టు అంది. "నాకొద్దని సెప్పినాను కదా."

"సెప్పినావమ్మా," అంది చిట్టమ్మ. "సెప్పినావు. నాకే ఇనబడనేదు."

దీవెనమ్మ ఇసకలోకి చూస్తూ కూర్చుంది. అరికాళ్ళు బొబ్బలెక్కిన పిల్లాడొకడు ఇంకా తన ఇంటి గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. వాడు కొట్లో ఉన్న మనిషి కాడు. వాడికి ఇప్పుడు జవాబు చెప్పినా, వినడానికి వాడెక్కడా లేడు.

"నువ్వూ సెప్పినావురా," అంది మెల్లగా.

ఎవరితో అన్నారని చిట్టమ్మ అడగలేదు. కళ్ళు తుడుచుకుని, కూతురి చెయ్యి పట్టుకుని, "పదండి, పెద్దోళ్ళు ఒడ్డుకాడ ఉన్నారు," అంది. దీవెనమ్మ చీరకి అంటిన ఇసక దులుపుకుని వాళ్ళ వెనక నడిచింది.